రాయబారం మధ్యలో జనరంజని

తెనాలిలో మా వీధి చివరింటి పెద్దాయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన వసారాలో ఉన్న బల్ల మీద కాఫీ గ్లాసు పెట్టడానికి చోటుండదు. అంతా విప్పి పరిచిన టేప్ రికార్డర్లే. పౌరాణిక నాటకాల పద్యాలంటే ప్రాణం. మేనకోడలు హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. సంక్రాంతికి వచ్చి, మామయ్య క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి వెళ్తానంది. గొడవ అక్కడ మొదలైంది. నేను ఊరికే కూర్చున్న మూడో మనిషిని. విన్నది విన్నట్టు రాస్తే సగం అరిసెల పాకం గురించే ఉంటుంది కాబట్టి కుదించాను. నా మాటలు బ్రాకెట్లలో ఉన్నాయి.

మేనకోడలు: క్యాసెట్లన్నీ ఎక్కించేశాక ఈ సామానంతా ఏం చేద్దామని మామయ్యా?

మామయ్య: చేయడానికేముంది? వింటాను.

మేనకోడలు: వినడానికి కంప్యూటర్ ఉంటుంది, ఫోను ఉంటుంది. నీ షణ్ముఖి ఆంజనేయరాజు, నీ పీసపాటి నరసింహమూర్తి ఇద్దరూ ఫోన్లోనే ఉన్నారు. బెల్టు తెగదు, రీలు చిక్కుకోదు.

మామయ్య: ఫోన్లో ఉన్నది గదిలో కూర్చుని పాడింది. నా దగ్గరున్నది పందిట్లో పాడింది. కంపెనీ రికార్డులో పద్యం ఒక్కసారే ఉంటుంది. పందిట్లో జనం ‘వన్స్ మోర్’ అన్నన్నిసార్లు ఉంటుంది. రాయబారం సీను ఎంతసేపు లాగుతారో కృష్ణుడికే తెలీదు. సీ-90 క్యాసెట్ వేస్తే ఒక్కో వైపు 45 నిమిషాలు. ధర్మరాజు మొదలుపెట్టినప్పుడు వేస్తే దుర్యోధనుడు లేచేసరికి రీలు అయిపోయేది. తిప్పి వేసేలోపల అర పద్యం పోయేది.

మేనకోడలు: ఆ పద్యాలు విలువైనవని నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకోకపోతే పండగపూట ఈ పని పెట్టుకునేదాన్నా? విలువ పద్యానిదా, పెట్టెదా అన్నదే నా ప్రశ్న. నువ్వు పెట్టెను పూజిస్తున్నావు. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్‌ను బయటపెట్టినప్పుడు అది సంగీతం కోసం చేసింది కాదు, మాటలు రికార్డు చేసుకోవడానికి చేసింది. లూ ఓటెన్స్ అని, దాన్ని రూపొందించిన జట్టుకు పెద్ద. కోటు జేబులో పట్టేంత చెక్కముక్క ఒకటి చేయించుకుని, యంత్రం ఇంతకన్నా పెద్దది కాకూడదన్నాడు. తర్వాత సీడీ పనిలోనూ ఆయన చెయ్యి ఉంది. క్యాసెట్ మీద జనానికున్న బెంగ ఆయనకు లేదు. సీడీయే మేలన్నాడు. కన్నతండ్రికే లేని మమకారం నీకెందుకు?

మామయ్య: కంటే సరిపోయిందా? పెంచింది మేము. క్యాసెట్‌లో ధ్వని గొప్పదని నేనెప్పుడన్నా అన్నానా? బుస్సుమంటుంది, ఊగుతుంది, నాలుగు కాపీలు దాటితే తాళాల చప్పుడు ఉప్మా రవ్వ వేయించినట్టుంటుంది. అయినా దాన్ని నేను విప్పగలను. నీ ఫోను పాడకపోతే ఏం చేస్తావు?

మేనకోడలు: ఆపి మళ్ళీ ఆన్ చేస్తాను.

మామయ్య: అప్పటికీ పాడకపోతే?

మేనకోడలు: కొత్తది కొంటాను. దాంట్లో సిగ్గుపడాల్సిందేముంది?

మామయ్య: సిగ్గని కాదు. ఏం జరిగిందో నీకు ఎప్పటికీ తెలీదు, అంతే. ఇక్కడ అలా కాదు. రీలు నమిలేసిందనుకో. జనం హెడ్డును తిడతారు, క్యాసెట్‌ను తిడతారు. రీలును లాగేది క్యాప్‌స్టన్ ఇరుసు. దాని మీద రబ్బరు రోలర్ ఒత్తుకుని ఉంటుంది. ఆ రెండింటి నడుమ నుంచి రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున బయటికొస్తుంది. అలా వచ్చిందాన్ని చుట్టుకోవాల్సింది కుడివైపు చక్రం. దాని కింద చిన్న ఫెల్టు క్లచ్చి ఉంటుంది. అది జారిపోతే చక్రం ఆగిపోతుంది, ఇరుసు మాత్రం తోస్తూనే ఉంటుంది. తోసిన రీలు ఎటు పోవాలి? రోలర్‌కే చుట్టుకుంటుంది. అంటే తప్పు నమిలిన పంటిది కాదు, మింగని గొంతుది. అది కనిపెట్టిన రోజు నాకు అన్నం సయించింది.

(ఇక్కడ ఆయన ఒక పెట్టె మూత తీసి నాకు చూపించాడు. మోటారుకూ ఫ్లైవీలుకూ మధ్య బెల్టు ఉండాల్సిన చోట కారిన తారులాంటి మరక ఒక్కటే ఉంది. కొన్ని రకాల బెల్టులు ఏళ్ళు గడిస్తే తెగవు, కరిగి జిగురవుతాయి. దాన్ని ముట్టుకున్న వేలు పండగ మూడు రోజులూ నల్లగానే ఉంది.)

మేనకోడలు: సరే, బెల్టు కరిగింది. ఇప్పుడేం చేస్తావు?

మామయ్య: ముందు స్పిరిట్టుతో జిగురంతా తుడవాలి. మా కాలంలో సీటీసీ అని కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడేవాళ్ళం. ఘాటుగా, హాయిగా ఉండేది. కాలేయానికి విషమని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాలే. తుడిచాక కప్పీల చుట్టూ దారం వేసి కొలవాలి. ఆ కొలతకన్నా బెల్టు కాస్త చిన్నదిగా ఉండాలి. మరీ బిగువైతే మోటారు ఇరుసు అరుగుతుంది, వదులైతే పద్యం ఊగుతుంది. సైకిల్ ట్యూబు కోసి వేసేవాళ్ళున్నారు. కోసిన అంచు ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఆ ఎగుడుదిగుడంతా హార్మోనియంలో వినపడుతుంది.

మేనకోడలు: హార్మోనియంలోనే ఎందుకు?

మామయ్య: మనిషి గొంతు ఎటూ కదులుతూనే ఉంటుంది. గమకం ఏదో, బెల్టు తప్పేదో విడదీయలేవు. హార్మోనియం రీడు అలా కాదు, ఒత్తితే ఒకటే స్వరం. నాటకంలో ఆలాపనకు ముందు హార్మోనిస్టు శ్రుతి పట్టుకుని కూర్చుంటాడు చూడు, అదే నాకు పరీక్ష. అది నిలబడితే యంత్రం బాగున్నట్టు. మీ స్టూడియోలో వేగం ఎలా చూస్తారు?

మేనకోడలు: 3,150 హెర్ట్‌జ్ స్వరం రికార్డు చేసిన పరీక్ష టేపు ఉంటుంది. అది వేసి లెక్క చూస్తాం. పరీక్ష టేపు లేకపోతే రికార్డింగులో కలిసిన కరెంటు హమ్ము పట్టుకుంటాం. మన దేశంలో అది 50 దగ్గరుండాలి.

మామయ్య: ఉండాలి. 1980ల్లో ఇక్కడ ఉండేదా? దక్షిణాది గ్రిడ్డు 48కి కూడా జారే రోజులవి. పైగా కరెంటు పోతే పందిరంతా జనరేటర్ మీద. దాని 50 ఎంతో ఆపరేటర్ మూడ్‌ను బట్టి. నీ హమ్మును 50కి తెచ్చావంటే కృష్ణుడి గొంతు ముప్పాతిక మెట్టు పైకి పోతుంది. అందుకే నా హార్మోనియం పక్కన పెట్టుకుంటా. టేపులోని శ్రుతి నా మెట్టు మీద పడిందా, రెండు మెట్ల నడుమ పడిందా? నడుమ పడితే మోటారు వెనక చిల్లులో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి సర్దుతా.

మేనకోడలు: సరిగ్గా ఒక మెట్టు తప్పి ఉంటే? నీ హార్మోనియం చప్పుడు చెయ్యకుండా ఒప్పుకుంటుంది.

మామయ్య: ఒక మెట్టంటే ఆరు శాతం తేడా. అంత తప్పితే పీసపాటి పీసపాటిలా ఉండడు. అది చెవే చెబుతుంది.

మేనకోడలు: మరి సెల్లులు అయిపోతున్నప్పుడు రికార్డు చేసినవి?

మామయ్య: ఆఁ, అవి ఉన్నాయి. ఆరు పెద్ద సెల్లులు వేసుకుని వెళ్ళేవాళ్ళం. తెల్లవారుజామున అవి నీరసపడితే రీలు మెల్లగా నడిచేది. మెల్లగా నడిచిన రీలును ఇప్పుడు మామూలు వేగంలో వేస్తే భీముడు ఆడపిల్లలా పాడతాడు. అక్కడ సీను సాగేకొద్దీ వేగం తగ్గించుకుంటూ పోవాలి. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చునే వింటా.

మేనకోడలు: చూశావా, నువ్వు వినడంలేదు, నడుపుతున్నావు. ఆ పని కంప్యూటర్‌లో ఒకసారి గీత గీస్తే అయిపోతుంది. ఆ తర్వాత నువ్వు కళ్ళు మూసుకుని వినొచ్చు. ఇంకోటి, వేసిన ప్రతిసారీ రీలు హెడ్డుకు రాసుకుంటుంది. పైపొడి కొంచెం రాలుతుంది. హెడ్డుకు అయస్కాంతం పట్టి ఉంటే సన్నటి ధ్వనులు కొంచెం కొంచెం చెరిగిపోతాయి. నీకిష్టమైన పద్యాన్నే నువ్వు ఎక్కువసార్లు వేస్తావు కాబట్టి అదే ముందు అరుగుతుంది. ప్రేమిస్తున్నానంటూ గీకేస్తున్నావు మామయ్యా.

మామయ్య: తాంబూలం వేసుకుంటే పళ్ళరుగుతాయని మానేస్తామా?

మేనకోడలు: నువ్వు మానేశావుగా, డాక్టర్ చెబితే.

(ఈ ఒక్క విషయంలో నేను పిల్లవైపే. ఇంకో కాపీ ఎక్కడా లేని టేపును సరదాకు వేసుకోవడం సొంత ఆస్తి కాబట్టి చెల్లుతుంది గానీ, న్యాయం కాదు. ఆ మాట పైకి అంటే పెద్దాయన నా రేడియో బాగుచేయడం ఆపేస్తాడని ఊరుకున్నాను.)

మామయ్య: సరే, ఎక్కించుకో. కానీ ఒక మాట. మొన్న నువ్వొకటి శుభ్రం చేసి పంపావు, విన్నాను. పద్యానికీ పద్యానికీ మధ్య ఏమీ లేదు. నూతిలో కూర్చుని పాడినట్టుంది. దగ్గులేవి? కుక్క ఏది? ‘ఒరే, కూర్చోరా ముందు’ అని ఒకడు అరుస్తాడే, వాడేడి?

మేనకోడలు: అవి లోపాలు మామయ్యా. మీ చవక రికార్డర్లలో ధ్వని ఎత్తు దానంతటదే సర్దుకునే సర్క్యూటు ఉండేది. కృష్ణుడు గట్టిగా అందుకుంటే అణిచేస్తుంది. ఆయన ఆగగానే, ధ్వని తగ్గిపోయిందే అని పైకి లాగుతుంది. దాంతో ఎక్కడో వెనక వరసలోవాడి దగ్గు రంగస్థలం మీదకి వచ్చేస్తుంది. పందిట్లో నీకు అది అంత గట్టిగా వినపడి ఉండదు. అది యంత్రం చేసిన అబద్ధం.

మామయ్య: ఆ అబద్ధం పుణ్యమా అనే ఆ రాత్రి ఎవరెవరు వచ్చారో తెలుస్తోంది. కంపెనీ రికార్డులో పద్యముంది, ఊరు లేదు. ఇందులో రెండూ ఉన్నాయి. ఏ పద్యానికి ఈలలు పడ్డాయో, ఏది చప్పగా పోయిందో నాటకాల మీద పుస్తకాలు రాసేవాళ్ళకి ఇంతకన్నా సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

మేనకోడలు: అందుకు ఒప్పుకుంటాను. రెండు ఫైళ్ళుంటాయి. ఒకటి 96 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లలో, టేపులో ఉన్నది ఉన్నట్టు, దాన్ని ఎవరూ ముట్టుకోరు. ధ్వని భాండాగారాల వాళ్ళు పాటించే పద్ధతి అదే. రెండోది వినడానికి.

మామయ్య: మా పద్యాల బృందానికి ఏది పంపుతావు?

మేనకోడలు: రెండోది.

మామయ్య: మొదటిది పంపు.

మేనకోడలు: అది ఒక్కో క్యాసెట్‌కు గిగాబైట్లకొద్దీ ఉంటుంది. మీ బృందంలో ఒకాయన గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపితేనే అందరి ఫోన్లూ నిండిపోతున్నాయి.

(టీ వచ్చింది. ఆ తర్వాత మాట కొంచెం వాడిగా సాగింది.)

మేనకోడలు: యునెస్కోవాళ్ళు, అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘంవాళ్ళు కలిసి 2019లో అయస్కాంత టేపుల మీద హెచ్చరిక ఒకటి చేశారు. ప్రపంచంలో మిగిలిన టేపుల్ని 2025 ప్రాంతానికల్లా ఎక్కించుకోకపోతే తర్వాత చాలావాటికి దారి ఉండదన్నారు. ఆ గడువు కూడా దాటిపోయింది. నువ్వేమో ఇంకా బెల్టులు కొలుస్తున్నావు.

మామయ్య: వాళ్ళు ఎందుకన్నారో అది కూడా చెప్పు. రీలు చచ్చిపోతుందనా?

మేనకోడలు: ... ఎక్కువగా యంత్రాలు దొరకవని. విడిభాగాలు, బాగుచేసేవాళ్ళు ఉండరని.

మామయ్య: అదీ. మంచిచోట పెట్టిన రీలు ఇంకా పాడుతుంది. పాడించేదే లేకుండా పోతోంది. ఇప్పుడు మళ్ళీ కొత్త క్యాసెట్ ప్లేయర్లు వస్తున్నాయని సంబరపడుతున్నారు. మూత తీసి చూడు. చాలావాటిలో ఉండేది ఒకప్పటి జపాన్ తనాషిన్ మెకానిజానికి చైనా నకలు. ఫ్లైవీలు తేలిక, హెడ్డు అంతంత మాత్రం. రీలు తయారుచేసేవాళ్ళు అమెరికాలో మిస్సోరీలో ఉన్నారు, ఫ్రాన్సులో ఉన్నారు. మంచి హెడ్డు, మంచి ఇరుసు చేసేవాడు ఏడి? అందుకే ఎర్రగడ్డ సండే మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే పాత డెక్కులు ఏరుకొస్తాను. నువ్వు ఎక్కించే ఫైలుకు మొదటి మెట్టు నా బల్ల.

మేనకోడలు: ఎక్కించేదాకా నీ బల్ల కావాలి, ఒప్పుకున్నాను. ఎక్కించాక?

మామయ్య: ఎక్కించాక నీ ఫైళ్ళు ఎక్కడుంటాయి? 2005లో నువ్వే సీడీలు కాల్చి ఇచ్చావు, ‘శాశ్వతం మామయ్యా’ అంటూ. వాటిలో సగం ఇప్పుడు ఏ డ్రైవూ గుర్తుపట్టదు. వాటిల్లోకి ఎక్కించిన క్యాసెట్లు మాత్రం ఇంకా పాడుతున్నాయి.

మేనకోడలు: అందుకే ఇప్పుడు మూడుచోట్ల పెడుతున్నాం. ఒకటి పోతే ఇంకోటి. నీకు ఆ అవకాశమే లేదు. ఇంతకూ నువ్వు చెప్పనిది ఒకటుంది మామయ్యా, అది నేనంటాను. ఈ టేప్ రికార్డర్ ఎవరి వస్తువు? అమ్మ ఒక్క నాటకమూ పందిట్లో చూడలేదు. ఆడపిల్లలు రాత్రంతా బయట ఉండకూడదుగా. తెల్లారి నువ్వు తెచ్చిన క్యాసెట్ వంటింట్లోంచి వినేది. ఏ పద్యం వెయ్యాలో, ఎక్కడ ఆపాలో అంతా నీ చేతుల్లో ఉండేది.

మామయ్య: అడిగితే వేసేవాణ్ణి కాదూ?

మేనకోడలు: అడగాలి. అదే నేననేది. ఇప్పుడు ఫోన్లో ఆవిడ తనకిష్టమైంది తనే వేసుకుంటోంది. దాని ధ్వని చదునుగా ఉందని, ఆత్మ లేదని మీ బృందంలో పెద్దమనుషులు వాపోతారు. వాళ్ళు పోగొట్టుకున్నది ధ్వనిని కాదని నా అనుమానం.

(పెద్దాయన కాసేపు సీసాలో ముంచిన దూది పుల్లతో హెడ్డు తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.)

మామయ్య: మీ అమ్మ అడగలేదని ఎవరు చెప్పారు నీకు? అడగకుండా చేసింది. ఆ నీలం అట్ట క్యాసెట్ తియ్యి. మా ఊరి శ్రీరామనవమి పందిట్లో రాయబారం. చెరిపెయ్యకుండా వెనక ప్లాస్టిక్ పలకలు రెండూ విరగ్గొట్టి మరీ పెట్టా. మీ అమ్మ ఆ గుంటల్లో కాగితం ఉండలు కుక్కి, రేడియోలో వచ్చే జనరంజని దాని మీద ఎక్కించుకుంది. కృష్ణుడు కౌరవ సభలో నిలబడి పద్యం అందుకుంటాడు, రెండో పాదం సగంలో వివిధ భారతి వస్తుంది.

మేనకోడలు: ఈ పెట్టె మొత్తంలో నాకు కావలసిన క్యాసెట్ అదే.

మామయ్య: అది పాడైపోయిన క్యాసెట్!

మేనకోడలు: నీకు పాడైంది. అమ్మ తన చేత్తో రికార్డు బటన్ నొక్కిన టేపు మన ఇంట్లో అదొక్కటే. పాటల నడుమ గిన్నెల చప్పుడు ఉందేమో చూడాలి.

మామయ్య: ఉండదు. టూ ఇన్ వన్‌లో రేడియో నుంచి రీలుకు లోపలే తీగ ఉంటుంది. మైకు పనిచేయదు. రేడియోలో వచ్చిందే పడుతుంది.

మేనకోడలు: అయినా సరే. ఏ పాట మధ్యలో ఆపేసిందో, ఏది పూర్తిగా ఉంచుకుందో ఉంటుందిగా. అది ఆవిడ ఎంపిక. సరే, వెయ్యి.

(వేశాడు. రాయబారం మూగగా, దుప్పటి కప్పుకుని పాడినట్టు వచ్చింది. జనరంజనీ అంతే.)

మామయ్య: చూశావా? పాతబడిపోయింది. ఇంకేముంది దాంట్లో?

మేనకోడలు: పాతబడలేదు. నీ హెడ్డు వాలు కలవడంలేదు. ఆ స్క్రూ తిప్పు.

మామయ్య: ఏ స్క్రూ? హెడ్డు పక్కనున్నదా? దాన్ని ముట్టుకునే ప్రసక్తే లేదు. కంపెనీవాడు పరీక్ష టేపు పెట్టి సరిచేసి ఎర్ర రంగు చుక్క వేసి పంపించాడు. ఈ ఇంట్లో తిన్నగా ఉన్నది ఈ ఒక్క యంత్రమే.

మేనకోడలు: తిన్నగా ఉండటమే ఇక్కడ తప్పు. హెడ్డు మధ్యలో ఒకటి రెండు మైక్రాన్ల చీలిక ఉంటుంది. అది రీలుకు నిట్టనిలువుగా ఉండాలి. రీలు నడిచే వేగంలో 10,000 హెర్ట్‌జ్ ధ్వని ఒక్కో అల పొడవు 4.76 మైక్రాన్లు. మోనో ట్రాకు వెడల్పు మిల్లీమీటరున్నర. ఆ వెడల్పులో చీలిక ఒక అలంత పక్కకు వాలిందంటే ఆ ధ్వని మొత్తం తనను తానే కొట్టేసుకుని సున్నా అవుతుంది. డిగ్రీలో ఐదో వంతు వాలు కూడా అక్కర్లేదు. ఆ రాత్రి పందిట్లో రికార్డు చేసిన యంత్రం ఎవరిది?

మామయ్య: నా స్నేహితుడిది. సైకిల్ మీద తిప్పేవాడు. రెండుసార్లు కింద పడింది.

మేనకోడలు: అయితే దాని హెడ్డు వాలే ఉంటుంది. ఆ వాలుతోనే పద్యాలు రీలు మీద పడ్డాయి. యంత్రం ఎప్పుడో పాతసామాన్లవాడికి పోయింది, దాని వాలు మాత్రం టేపులో ఉండిపోయింది. వంకర గుమ్మానికి సరిపడా చెక్కిన తలుపు తిన్నటి గుమ్మానికి ఎలా పడుతుంది? నువ్వు గుమ్మాన్ని వంచాలి.

మామయ్య: నువ్వు కంప్యూటర్‌లో వంచుకోరాదూ? అన్నీ దాంట్లో గీత గీస్తే అయిపోతాయన్నావు.

మేనకోడలు: ఇది అవ్వదు. చీలిక దగ్గరే కొట్టుకుపోయిన ధ్వని తీగలోకే రాదు. రానిదాన్ని కంప్యూటర్ ఎక్కడి నుంచి తెస్తుంది? పైస్థాయి పెంచితే బుస్సు పెరుగుతుంది, అంతే. దీనికి స్క్రూడ్రైవరే దిక్కు.

మామయ్య: ఆ మాట ఇంకోసారి అను.

మేనకోడలు: అనను. తిప్పు.

మామయ్య: తిప్పితే మిగతా క్యాసెట్లన్నిటికీ తప్పుతుంది. రంగు చుక్క పగిలితే స్క్రూ ఊరికే కదులుతుంది.

మేనకోడలు: తిప్పి, ఎక్కించుకుని, మళ్ళీ వెనక్కి తిప్పుతాం. పైన గోళ్ళరంగు ఒక చుక్క వేస్తే కదలదు. మేం చేసేది అదే.

మామయ్య: గోళ్ళరంగా! నా డెక్కుకా!

(పావుగంట బేరం జరిగింది. చివరికి ఎర్రగడ్డ నుంచి తెచ్చిన రెండో డెక్కు మీద ప్రయోగానికి ఒప్పుకున్నాడు. అయస్కాంతం పట్టని ఇత్తడి స్క్రూడ్రైవర్ తానే పట్టుకుంటానన్నాడు. ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. మోనో టేపును స్టీరియో హెడ్డు మీద వేస్తే రెండు ఛానళ్ళలోనూ ఒకే ధ్వని రావాలి. వాలు తప్పితే ఒకటి ముందు, ఒకటి వెనక వస్తుంది. ఆమె ఆ రెండింటి అలల్నీ తెర మీద చూస్తూ ‘ఇంకొంచెం’ అంటోంది. ఆయన తెర వైపు చూడను కూడా చూడకుండా తాళాల చప్పుడు వింటున్నాడు. ఇద్దరూ ఒకేసారి ‘ఆగు’ అన్నారు. దుప్పటి తీసేసినట్టు కృష్ణుడు గొంతెత్తాడు. వెనక ఎవడో దగ్గాడు. ఇంత తేడా వస్తుందని నేను అనుకోలేదు.)

మామయ్య: ఊఁ. బాగానే ఉంది.

మేనకోడలు: బాగానే ఉందా? కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నావేం?

మామయ్య: స్పిరిట్టు ఆవిరి తగిలింది. ఇదిగో, ఇక జనరంజని వస్తోంది చూడు.

(వచ్చింది. ఇంకా మూగగా, ఇందాకటికన్నా మూగగా.)

మేనకోడలు: సహజం. దీని వాలు వేరు. కృష్ణుడికి సరిచేస్తే దీనికి ఇంకా దూరం పోయాం. మళ్ళీ తిప్పాలి, ఈసారి రెండో వైపుకు.

మామయ్య: తిప్పు, తిప్పు అంటావు. రేడియో పాటల్లో తాళాలు ఎక్కడ దొరుకుతాయి నాకు? చెవికి పట్టు దొరకదు. నీ తెర మీద చూసి చెప్పినా, ఇంత మూగ ధ్వనిలో ఆ అలలు నీకు తిన్నగా కనపడతాయా?

మేనకోడలు: కొంచెం కష్టమే. ఇది దేంట్లో రికార్డు చేసింది?

మామయ్య: ఇంకెందులో, ఇంట్లో టూ ఇన్ వన్‌లో. మీ చిన్న తాతయ్య కువైట్ నుంచి తెచ్చిన నేషనల్ పానాసోనిక్.

మేనకోడలు: అది ఏమైంది?

మామయ్య: అటక మీదుంది.

మేనకోడలు: దాని హెడ్డు స్క్రూ ఎవరైనా తిప్పారా?

మామయ్య: నేనుండగా ఎవరు తిప్పుతారు?

మేనకోడలు: అయితే వాలు దాంట్లోనే ఉంది మామయ్యా. ఏ యంత్రం రాసిందో అదే చదివితే మనం తిప్పాల్సిన పనే లేదు. దాన్ని దింపు.

మామయ్య: ఇందాక ఈ సామానంతా ఏం చేద్దామన్నావు కదా?

మేనకోడలు: అన్నాను. ఎక్కించాక మాటది, ఇప్పటికీ అంటాను. దాన్ని మాత్రం దింపు.

మామయ్య: దింపడం ఎంతసేపు? ఇరవయ్యేళ్ళుగా కదల్లేదు. బెల్టు జిగురై ఉంటుంది, ఫ్లైవీలు బయటికి తీసి కడగాలి. రోలర్ రబ్బరు గాజులా బిగుసుకుపోయి ఉంటుంది. కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే ఆంప్లిఫయర్ గురకపెడుతుంది. బెల్టు కొలత చూసుకుని విజయవాడ వెళ్ళి రావాలి, అక్కడ దొరక్కపోతే కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించాలి. మోటారు పట్టేసి ఉంటే ఇంకో మోటారు, అప్పుడు వేగం మళ్ళీ మొదటి నుంచీ చూసుకోవాలి. జనరంజనిలో హార్మోనియం ఉన్న పాట ఏదన్నా ఉందేమో మీ అమ్మనే అడగాలి. నీ బస్సెప్పుడు?

మేనకోడలు: ఎల్లుండి రాత్రి.

మామయ్య: టికెట్టు రద్దు చేస్తే డబ్బులు ఎంత వెనక్కిస్తారు?